ఒంట్లోకి వచ్చి పోయేవి, ఒంట్లో ఉండిపోయేవి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. నాలుగేళ్ల పాప ఉంది. వచ్చే ఏడాది రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. మా ఇల్లు బళ్లు ఎక్కువగా తిరిగే రోడ్డు పక్కనే ఉంది. కొన్నాళ్లుగా ఫోన్ తెరిస్తే చాలు, రక్తంలో ప్లాస్టిక్ రేణువులని, కూరగాయల మీద పురుగుమందులని, చేపల్లో పాదరసమని, అన్నంలో ఆర్సెనిక్ అని ఏదో ఒకటి కనిపిస్తోంది. నాన్‌స్టిక్ గిన్నెలు పారేశాను. చేపలు మానేశాను. ఒంట్లోని విషాలన్నీ కడిగేస్తుందంటే ఒక డిటాక్స్ పొడి కూడా తెప్పించాను, ఇంకా వాడటం మొదలుపెట్టలేదు. నా టెన్షన్ చూసి మా ఆయన విసుక్కుంటున్నారు. పాపకు ఏం పెట్టాలన్నా చెయ్యి ఆడటం లేదు. అసలు ఏం తినాలి, ఏం మానాలి?
ఒక తల్లి

సమాధానం: ముందుగా ఆ పొడి సంగతి. మొదలుపెట్టలేదన్నారు, చాలా మంచి పని చేశారు. దాన్ని అలాగే పక్కన పడేయండి. బిడ్డ కోసం అనుకుంటున్న సమయంలో, లోపల ఏముందో పూర్తిగా తెలియని పొడిని నోట్లో వేసుకోకూడదు. ఇలాంటి వాటిలో తరచుగా కలిపే గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొందరికి లివర్ దెబ్బతిన్న సంగతి వైద్యులకు బాగా తెలుసు. మూలికల పొడుల్లోనే సీసం బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. విషాలు పోగొట్టుకుందామని కొన్న దాంట్లోనే విషం ఉండటం కన్నా అన్యాయం ఏముంటుంది? లోహాలను బయటికి లాగే కీలేషన్ మందులు నిజంగానే ఉన్నాయి. కానీ అవి రక్తపరీక్షలో విషం స్థాయి చాలా ఎక్కువగా తేలినవాళ్లకు డాక్టర్లు దగ్గరుండి ఇచ్చేవి. అవసరం లేనివాళ్లు వాడితే ఒంట్లో కాల్షియం ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు రాసిన జాబితాలో అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. అందుకే అన్నిటికీ ఒకేలా భయపడుతున్నారు. నిజానికి ఇవి రెండు రకాలు. కొన్ని ఒంట్లోకి వచ్చి గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మూత్రంతో వెళ్లిపోతాయి. ప్లాస్టిక్‌లో, తిండి నిల్వచేసి అమ్మే రేకు డబ్బాల లోపలి పూతలో ఉండే బీపీఏ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఇలాంటివే. ఇంకొన్ని వచ్చాయంటే ఓ పట్టాన పోవు. చేపల నుంచి వచ్చే పాదరసం రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. నీళ్లు, నూనె అంటకుండా వేసే పూతల్లో వాడే పీఫాస్ అనే రసాయనాల్లో కొన్నిటికి అదే పని కావడానికి కొన్నేళ్లు పడుతుంది. కాడ్మియం అనే లోహం మూత్రపిండాల్లో, సీసం ఎముకల్లో పదుల ఏళ్లు ఉండిపోతాయి.

ఈ తేడా తెలిస్తే ఏం చేయాలో చాలావరకు తేలిపోతుంది. వచ్చి పోయేవాటి విషయంలో నిన్నటిదాకా ఏం తిన్నామన్న బెంగ అక్కర్లేదు. రోజూ వచ్చే దారి మూస్తే చాలు, స్థాయి వెంటనే తగ్గుతుంది. 2011లో అమెరికాలో ఐదు కుటుంబాలకు మూడు రోజుల పాటు డబ్బా ఆహారం, ప్లాస్టిక్ ప్యాకింగ్ లేకుండా తాజాగా వండిన భోజనం పెట్టి చూశారు. వాళ్ల మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు దీనికి ఎదురు ప్రయోగం చేశారు. ఐదు రోజులు రోజుకొక డబ్బా సూప్ తాగినవాళ్లలో బీపీఏ, తాజా సూప్ తాగినప్పటితో పోలిస్తే పది రెట్లకు పైగా పెరిగింది. రెండిటిలోనూ పొడులు లేవు, ఉపవాసాలు లేవు. మారింది తిండి ఎందులోంచి వచ్చిందన్నదే.

ఉండిపోయేవాటి విషయంలో మాత్రం రాకముందే ఆపాలి. మీకు చిన్న పాప ఉంది, ఇంకో బిడ్డ కోసం చూస్తున్నారు. కాబట్టి మీ శ్రద్ధలో ఎక్కువ భాగం అటు పెట్టండి.

అన్నిటికన్నా ముందు గాలి. మీ ఉత్తరంలో ఇల్లు రోడ్డు పక్కన ఉందని ఒక్క మాటలో చెప్పి తిండి గురించే మొత్తం రాశారు. నేనైతే మీ స్థానంలో ప్లాస్టిక్ డబ్బాల కన్నా ముందు దాని గురించే ఆలోచిస్తాను. తిండి ఎంచుకోవచ్చు కానీ గాలి క్షణం ఆగకుండా పీల్చాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇంటి బయటి, లోపలి గాలి కాలుష్యం కలిపి ఏటా 70 లక్షల మంది దాకా అకాల మరణాలకు కారణమవుతోంది. పీఎం 2.5 అనే సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి కూడా చేరతాయి. అందుకే గుండె జబ్బులు, పక్షవాతం కూడా ఈ లెక్కలో ఉన్నాయి. 2021లో ఆ సంస్థ వీటి ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కి తగ్గించింది.

ఇల్లు మారమని చెప్పను, అది అందరికీ కుదిరేది కాదు. రోడ్డు వైపు కిటికీలు బళ్ల రద్దీ ఎక్కువున్న గంటల్లో మూసి, రద్దీ తగ్గాక తెరవండి. పాప పడుకునే గది వీలైతే రోడ్డుకు దూరంగా ఉన్న వైపుకు మార్చండి. నడకకు, ఆటలకు పెద్ద రోడ్డు వెంట కాకుండా లోపలి వీధులు, చెట్లున్న చోట్లు ఎంచుకోండి. రోడ్డు నుంచి కొన్ని వందల మీటర్లు దూరం జరిగితేనే బళ్ల పొగ చాలా పలచబడుతుంది. ఫోన్‌లో ఆ రోజు గాలి నాణ్యత చూడటం మాత్రం ఫోన్‌ని మంచికి వాడుకోవడమే. బాగా లేని రోజు వ్యాయామం ఇంట్లో చేసుకోండి, బయటికి తప్పకపోతే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్‌95 మాస్కు పెట్టుకోండి. బట్ట మాస్కు ఈ రేణువుల్ని పెద్దగా ఆపదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొనే స్తోమత ఉంటే సన్నటి రేణువుల్ని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే తీసుకుని పడకగదిలో పెట్టండి. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోవద్దు, ఓజోనే ఊపిరితిత్తులకు చేటు.

ఇంట్లో పుట్టే పొగ కూడా లెక్కలోకి వస్తుంది. వంట చేస్తున్నంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, లేదా రోడ్డు లేని వైపు కిటికీ తీయండి. నూనె పొగలు కక్కేదాకా కాగనివ్వకండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ఈ ఉత్తరంలోని మిగతా సలహాలన్నీ దాని తర్వాతే. సిగరెట్ పొగలో కాడ్మియం ఉంటుంది, సీసం ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉంటుంది. బాల్కనీలో తాగి లోపలికి వచ్చినా బట్టల మీద, సోఫా మీద ఆ మసి పట్టి ఉంటుంది.

ఇప్పుడు సీసం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తిండికి నిజంగా పని ఉన్నది ఇక్కడే. సీసానికి ఇంత వరకు పర్లేదు అనే స్థాయి లేదు. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్లకు పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లలకు పడుతుంది. పాత పెయింటు పెచ్చులు, దాని దుమ్ము, పాత నీటి గొట్టాలు, సరిగా కాల్చని మెరుపు పూత ఉన్న మట్టిపాత్రలు, బ్యాటరీల పని చేసేవాళ్ల బట్టలు, ఇవీ అది వచ్చే దారులు. పాప నేల మీద ఆడుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. అందుకే చెప్పులు గుమ్మం బయటే వదలడం, పొడి చీపురు కన్నా తడిగుడ్డతో నేల తుడవడం, తినేముందు పాప చేతులు సబ్బుతో కడగడం చిన్న పనుల్లా కనిపించినా వీటికి సాటి వచ్చే డిటాక్స్ లేదు. ఇల్లు పాతదైతే పెయింటును పొడిగా గీకించకండి. ఆ పని జరిగేటప్పుడు మీరు, పాప అక్కడ ఉండకండి.

తిండి ఎలా సాయం చేస్తుందంటే, పేగులో ఇనుమును లోపలికి తీసుకునే మార్గం ద్వారానే సీసం, కాడ్మియం కూడా వస్తాయి. ఒంట్లో ఇనుము తక్కువైతే శరీరం ఆ మార్గాన్ని మరింతగా తెరుస్తుంది. దాంతో వాటికీ దారి దొరుకుతుంది. రక్తహీనత ఉన్న బిడ్డకు అదే దుమ్ము నుంచి ఎక్కువ సీసం పడుతుందన్నమాట. కాల్షియం సంగతీ ఇంతే. అందుకని పాపకు పప్పులు, ఆకుకూరలు, గుడ్లు, పాలు, పెరుగు తప్పకుండా పెట్టండి. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము బాగా పట్టాలంటే అదే భోజనంలో విటమిన్ సీ ఉన్నదేదైనా ఉండాలి. నిమ్మరసం పిండినా సరే, ఒక పుల్లటి పండు పెట్టినా సరే. ఖాళీ కడుపున సీసం ఎక్కువ పడుతుంది కాబట్టి పాపను వేళకు తినేలా చూడండి. మీ వరకు వస్తే, గర్భం వచ్చాక బిడ్డకు కావాల్సిన కాల్షియం కోసం తల్లి ఎముకలు కొంత కరుగుతాయి. చిన్నప్పటి నుంచి వాటిలో చేరిన సీసం కూడా అప్పుడే రక్తంలోకి వస్తుంది. మెక్సికో సిటీలో గర్భిణులకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. గర్భానికి ముందే హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకుని, కాల్షియం, ఇనుము ఎంత కావాలో మీ డాక్టరును అడగండి. 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టకముందు నుంచే వేసుకోవాలి. అది ముఖ్యంగా బిడ్డ వెన్నుపాము కోసం. దానికి ఇంకో పని కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగేవాళ్లలో ఫోలేట్ తక్కువగా ఉన్నవాళ్లకు 12 వారాలు ఇదే మోతాదు ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ తగ్గిందని 2007లో తేలింది.

నీళ్ల దగ్గర చాలామంది పొరపడే విషయం ఒకటి చెబుతాను. కాచితే క్రిములు చస్తాయి. సీసం, ఆర్సెనిక్, నైట్రేట్ మాత్రం పోవు, నీరు ఆవిరై అవి ఇంకొంచెం చిక్కబడతాయి. మీ నీళ్లలో ఏముందో ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించి, తేలినదాన్ని తీసే ఫిల్టర్ పెట్టుకోండి. బోరు నీళ్లయితే ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ తప్పనిసరిగా చూపించాలి. ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. గొట్టాలు పాతవైతే రాత్రంతా నిలిచిన నీటిని పొద్దున కాసేపు వదిలేసి, ఆ తర్వాత వచ్చేవి వంటకు, తాగడానికి పట్టుకోండి. వదిలేసినవి మొక్కలకో, నేల కడగడానికో పనికొస్తాయి.

అన్నం మానక్కర్లేదు. బియ్యం కడిగి, ఆరింతలకు తగ్గకుండా ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి గంజి వార్చేస్తే అందులోని ఆర్సెనిక్‌లో సుమారు 40 నుంచి 60 శాతం పోతుంది. కొన్ని విటమిన్లు కూడా పోతాయి కాబట్టి పప్పు, కూరలు బాగా ఉండాలి. వార్చడానికి వాడే నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే ఈ పద్ధతి పని చేయదు. రోజూ మూడు పూటలా అన్నమే కాకుండా మధ్యలో వేరే ధాన్యాలు పెట్టుకోండి. ఒకే పదార్థం మీద రోజూ ఆధారపడకపోవడం ఆర్సెనిక్‌కే కాదు, దాదాపు ప్రతి కలుషితానికీ మంచి రక్షణ.

చేపలు మళ్లీ మొదలుపెట్టండి. మీరు మానేయడం వల్ల పాదరసంతో పాటు బిడ్డ మెదడుకు కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు కూడా పోయాయి. పాదరసం పేరుకునేది చిన్న చేపల్ని తిని ఎన్నో ఏళ్లు బతికే పెద్ద వేట చేపల్లో. షార్కు, కత్తిచేప లాంటివి మీరు, పాప పూర్తిగా మానండి. చిన్న చేపలు, త్వరగా పెరిగే చేపలు తినండి. గర్భిణులు పాదరసం తక్కువున్న చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినవచ్చని, తినాలని కూడా అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా. పెద్ద చేపలు ఇంతకుముందు బాగా తినేవారైనా కంగారు పడకండి. పైన చెప్పినట్టు అది కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది. మీకు ఇంకా సమయం ఉంది.

ప్లాస్టిక్ విషయంలో నేను గట్టిగా చెప్పేది వేడి గురించి. వేడి, నూనె, పులుపు తగిలితే ప్లాస్టిక్ నుంచి రసాయనాలు, రేణువులు ఎక్కువగా ఊడతాయి. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాలసీసాల్లో వేడినీళ్లతో పాలపొడి కలిపే పద్ధతిలో లీటరుకు కోటీ 60 లక్షల దాకా రేణువులు రాలాయి. నీటి వేడి పెరిగేకొద్దీ వాటి సంఖ్య పెరిగింది. కాబట్టి వేడి కూర, వేడి పాలు, మైక్రోవేవ్, ఈ మూడింటికీ గాజు లేదా స్టీలు లేదా పింగాణీ వాడండి (మైక్రోవేవ్‌లో స్టీలు పెట్టకూడదని మీకు తెలుసు). పప్పులు, బియ్యం నిల్వ చేసే పొడి డబ్బాలు ప్లాస్టిక్‌వైనా ఉంచుకోండి. బీపీఏ లేదని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింత పడలేం, బదులుగా వాడే బీపీఎస్ కూడా దాని చుట్టమే. ఎంత బీపీఏ ప్రమాదం అనే దాని మీద శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో తన పరిమితిని ఒక్కసారిగా 20 వేల రెట్లు తగ్గించింది. ఇలాంటి ముప్పుల్ని అంచనా వేసే జర్మనీ ప్రభుత్వ సంస్థ మాత్రం ఆ కొత్త పరిమితికి వెయ్యి రెట్లు ఎక్కువైనా పర్లేదంది. వాళ్ల వాదన తేలేదాకా ఆగక్కర్లేదు. వేడి అన్నం ప్లాస్టిక్‌లో పెట్టకపోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

రక్తంలో రేణువుల వార్త గురించి. 2024లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, మెడ రక్తనాళం పూడిక తీయించుకున్న 257 మందిలో 150 మంది పూడికలో ప్లాస్టిక్ కనిపించింది. వాళ్లకు తర్వాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు మిగతావాళ్ల కన్నా నాలుగున్నర రెట్లు ఉంది. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. అయితే ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఆ అధ్యయనం నిరూపించలేదు. ఆ పరిశోధకులే ఈ మాట చెప్పారు. రక్తం నుంచి రేణువులు తీస్తామని డబ్బు అడిగేవాళ్లను మాత్రం నమ్మకండి.

నాన్‌స్టిక్ గిన్నెలు పారేసినందుకు బాధపడకండి, ఉన్నవాళ్లు భయపడకండి. ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద వదలకపోవడం, పూత లేచిపోతే మార్చడం, ఇంతే. పూత 260 డిగ్రీలు దాటితే విరిగి పొగలు వదులుతుంది. మామూలు వంటలో అంత వేడి రాదు.

కూరగాయలు, పండ్లు పురుగుమందుల భయంతో తగ్గించడం అన్నిటికన్నా నష్టం చేసే పొరపాటు. పారే నీటి కింద చేత్తో రుద్ది కడగండి. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు యాపిల్స్ మీద చేసిన పరీక్షలో పలచటి వంటసోడా నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైన చల్లిన మందు చాలావరకు పోయింది. తొక్క లోపలికి ఇంకిన భాగం మాత్రం పోలేదు. సబ్బు వాడొద్దు. ఆకుకూరల పై ఆకులు తీసేయండి. బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్న, ఎండు గింజలు మాత్రం ఏరుకుని వాడుకోవాలని చూడకండి, మొత్తం పారేయండి. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ లివర్ క్యాన్సర్‌కు కారణం, అది వండినా పోదు. ‘సహజం’ అన్న మాట మీద నాకు గుడ్డి నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

విషాలను బయటికి పంపడానికి తిండి సాయం చేస్తుందా అంటే, కొంత చేస్తుంది. చైనాలోని చిడాంగ్ అనే చోట గాలి బాగా కలుషితం. అక్కడ 291 మంది మీద 12 వారాలు జరిగిన ప్రయోగ ఫలితాలు 2014లో వచ్చాయి. బ్రకోలీ మొలకల పానీయం తాగినవాళ్లు మూత్రంలో బెంజీన్‌ను 61 శాతం ఎక్కువగా బయటికి పంపారు. దీనివల్ల జబ్బులు తగ్గాయని ఆ ప్రయోగం చూపలేదు. కాబట్టి మొలకల కోసం పరుగులు పెట్టకుండా క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి జాతి కూరల్ని మరీ మెత్తగా ఉడికించకుండా వారంలో కొన్నిసార్లు వండుకోండి. వాటిలోనూ బ్రకోలీలో ఉన్నలాంటి పదార్థాలే ఉంటాయి. మిగతాది లివర్, కిడ్నీలు చూసుకుంటాయి. వాటికి కావాల్సింది తగినన్ని నీళ్లు, చాలినంత ప్రొటీన్, నిద్ర, మద్యం లేకపోవడం.

సువాసన స్ప్రేలు, పరిమళాల లోషన్ల గురించి ఒక్క ముక్క. ‘ఫ్రాగ్రెన్స్’ అనే ఒక్క పదం వెనక చాలా రసాయనాలు రాయకుండా వదిలేయొచ్చు, థాలేట్లు వాటిలో ఉంటాయి. గర్భం వచ్చేలోపే వీటిని తగ్గించుకోండి. వచ్చి పోయే రకమే కాబట్టి ఫలితం రోజుల్లోనే ఉంటుంది.

మీవారి విసుగును నేను తప్పు పట్టను, మీ భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోను. ఇంత భారం ఒక్క తల్లి మీద పడటమే అన్యాయం. అమెరికాలో ఐదేళ్లలోపు పిల్లల రక్తంలో సీసం 1970ల చివర డెసిలీటరుకు సగటున 15 మైక్రోగ్రాములు ఉండేది, ఇప్పుడు ఒకటి కన్నా తక్కువ. అది తల్లులు వంట మార్చినందువల్ల జరగలేదు. పెట్రోల్ నుంచి, పెయింట్ నుంచి సీసాన్ని చట్టం తీసేయించినందువల్ల జరిగింది. సీసం కలిపిన పెట్రోల్‌ను బళ్లకు అమ్మడం ప్రపంచమంతా ఆగిపోయింది 2021లోనే. కాబట్టి మీ వీధిలో చెత్త తగలబెడుతుంటే, పాప బడి గేటు ముందు బళ్లు ఇంజన్ ఆపకుండా నిలబడుతుంటే, మీరిద్దరూ కలిసి వెళ్లి అడగండి. నలుగురు తల్లిదండ్రుల్ని వెంట తీసుకెళ్లండి.

ఈ నెలలో మాత్రం మూడు పనులు పెట్టుకోండి: పాపకు హిమోగ్లోబిన్‌తో పాటు రక్తంలో సీసం పరీక్ష, ఇంటి నీటి పరీక్ష, గర్భానికి ముందు మీరు డాక్టరును కలవడం. పాప రక్తంలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు గానీ, అంతకు పైన గానీ వస్తే, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. అమెరికా ఆరోగ్య శాఖ వాళ్లు 2021 నుంచి ఈ అంకెనే గుర్తుగా పెట్టుకున్నారు. ఈలోగా పాపకు అన్నం, పప్పు, ఆకుకూర, చేప, పండు, ఏది పెట్టినా భయపడకుండా పెట్టండి. ఫలితాలు వచ్చాక మళ్లీ రాయండి, కలిసి చూద్దాం.